గ్రేస్ డార్లింగ్ బొమ్మల పుస్తకం: బొమ్మలకి ఎనిమిది మార్కులు, కథకి ఐదు

సముద్రం మధ్యలో లైట్‌హౌస్, రాత్రంతా తుఫాను, బండకి గుద్దుకుని రెండు ముక్కలైన స్టీమర్, తెల్లవారాక పడవెక్కి బయల్దేరిన అమ్మాయి. పిల్లల బొమ్మల పుస్తకానికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి. పైగా ఎవరో కల్పించింది కూడా కాదు, 1838 సెప్టెంబర్ 7న ఇంగ్లండ్‌లో నార్తంబర్లాండ్ తీరానికి ఎదురుగా ఉన్న ఫార్న్ దీవుల్లో నిజంగా జరిగింది. ఆ అమ్మాయి పేరు గ్రేస్ డార్లింగ్. ఇంగ్లీషులో ఆమె మీద పిల్లల పుస్తకాలు చాలానే ఉన్నాయి. మా పాపకీ, మా అక్క కొడుక్కీ కలిపి చదివి వినిపిద్దామని వాటిలో ఒకటి తెప్పించాను. పుస్తకం పేరూ, వేసినవాళ్ళ పేరూ కావాలనే రాయడం లేదు. నాకు నచ్చని విషయాలు ఈ ఒక్క పుస్తకానివే అనుకుంటే తప్పవుతుంది, ఈ కథని పిల్లలకి చెప్పాలనుకున్న ఎవరికైనా అలా చెప్పెయ్యాలనిపిస్తుంది.

కొనొచ్చా అంటే కొనొచ్చు. కానీ పిల్లల చేతికిచ్చి మన పనిలో మనం ఉండిపోయే రకం పుస్తకం కాదు, పక్కన కూర్చుని వదిలేసినవన్నీ మనం పూరించాలి. అవేంటో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

కథ తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. ఫర్ఫర్‌షైర్ అనే స్టీమర్ హల్ నుంచి డండీకి బయల్దేరింది. దారిలో బాయిలర్లు కారడం మొదలై ఇంజన్ ఆగిపోయింది, గాలికి కొట్టుకొచ్చి ఫార్న్ దీవుల్లో బిగ్ హార్కర్ అనే బండకి తెల్లవారుజామున గుద్దుకుని విరిగిపోయింది. అందులో ఉన్న అరవై మందికి పైగా మనుషుల్లో నలభై మందికి పైగా చనిపోయారు. దగ్గర్లోనే లాంగ్‌స్టోన్ లైట్‌హౌస్ ఉంది. దాని కాపలాదారు విలియం డార్లింగ్, ఆయన కూతురు గ్రేస్ కలిసి పడవలో వెళ్ళారు. బండ మీద ప్రాణాలతో మిగిలిన తొమ్మిది మందీ బతికి బయటపడ్డారు.

ఇక పుస్తకం. బొమ్మల దగ్గర మాత్రం డబ్బుకి న్యాయం జరిగింది. మొదటి నాలుగు పేజీలూ తుఫాను జోలికి పోకుండా ఆ దీవుల్లో బతుకెలా ఉంటుందో చూపిస్తాయి. గ్రేస్ పుట్టింది 1815లో, తొమ్మిది మంది పిల్లల్లో ఏడోది. చిన్నతనమంతా బ్రౌన్స్‌మన్ అనే పక్క దీవిలో గడిచింది, 1826లో లాంగ్‌స్టోన్ మీద కొత్త లైట్‌హౌస్ కట్టాక కాపురం అక్కడికి మారింది. లాంగ్‌స్టోన్ అంటే ఉత్త రాయి, గడ్డిపోచ కూడా సరిగ్గా మొలవదు, అందుకే పాత దీవిలోనే కూరగాయలు పండించుకుని పడవలో తెచ్చుకునేవాళ్ళు. పుస్తకంలో ఒక పేజీ నిండా ఆ కూరల పడవే ఉంటుంది. ఒక మూల సీల్ పిల్ల మొహం బయటపెట్టి చూస్తుంటుంది, రాళ్ళ సందుల్లో ఐడర్ బాతులు పొదుగుతుంటాయి. మా పాప ఈ పేజీ దగ్గర ఆగిపోయి పక్కకి తిప్పనివ్వలేదు. ఈ అమ్మాయికి తెడ్డు పట్టడం వీరత్వం కాదు, కూరలు తెచ్చుకోవాలన్నా పడవే దిక్కు అని రచయిత ఒక్క ముక్క కూడా చెప్పకుండా బొమ్మే చెప్పేసింది. ఇక్కడ ఎవరు గీశారో గానీ వాళ్ళకి దణ్ణం పెట్టాలి.

రంగులు కూడా బావున్నాయి, తుఫాను అనగానే అందరూ వేసే నల్లటి నీలం కాకుండా బూడిద, ఆకుపచ్చ కలిసిన మురికి రంగు వేశారు. చిన్న చిన్న పొరపాట్లున్నాయి. లైట్‌హౌస్ దీపాన్ని సినిమా సెర్చ్‌లైట్‌లా చీకట్లోకి దూసుకుపోయే తెల్లటి గీతలా గీశారు. అప్పట్లో నూనె దీపాలు, వాటి వెనక మెరుగుపెట్టిన అద్దాలు, అవి తిరగడానికి యంత్రం. రాత్రంతా ఒకరు మేలుకుని ఒత్తులు చూసుకోవాలి, పొగ పట్టకుండా తుడవాలి. ఆ పని ఒక్క బొమ్మలో వేసినా ఎంత బావుండేదో. తుఫాను పేజీలో ఒక పఫిన్ పిట్ట కూడా రాయి మీద కూర్చుని ఉంది. పఫిన్‌లు ఆగస్టుకల్లా ఆ దీవులు వదిలి సముద్రం మీదకి వెళ్ళిపోతాయి, సెప్టెంబర్ ఏడున అక్కడ దానికేం పని? సరే, ఇది నా చాదస్తం, మార్కులు తగ్గించలేదు.

అసలు గొడవ గ్రేస్ వయసు దగ్గర మొదలైంది. ఆ రోజు ఆమెకి ఇరవై రెండేళ్ళు నిండి ఇరవై మూడో ఏడు నడుస్తోంది. పుస్తకంలో పన్నెండేళ్ళ పిల్లలా ఉంటుంది, రెండు జడలు, గుండ్రటి బుగ్గలు. చదివే పిల్లలు ఆమెలో తమని చూసుకోవాలని అలా గీసి ఉంటారు, అర్థం చేసుకోగలను. కానీ దాంతో కథ మొత్తం ఒరిగిపోయింది. పన్నెండేళ్ళ పిల్ల తండ్రిని ఒప్పించి తుఫానులోకి లాక్కెళ్ళిందంటే అది పిల్ల మొండిపట్టు, తండ్రి తెలివితక్కువతనం. పుస్తకంలో అచ్చం అలాగే ఉంది కూడా. తండ్రి వద్దంటాడు, భయపడతాడు, గ్రేస్ కాలు నేలకేసి కొట్టి వెళ్దాం పద నాన్నా అంటుంది, ఆయన తలదించుకుని వెనకే వస్తాడు. మా అక్క కొడుక్కి ఏడేళ్ళు, వాడికే అనుమానం వచ్చింది. "పిన్నీ, వాళ్ళ నాన్నకి భయమైతే లైట్‌హౌస్‌లో ఉద్యోగం ఎలా ఇచ్చారు?" అన్నాడు. నిజమే కదా మరి.

జరిగినదాని గురించి విలియం డార్లింగే లైట్‌హౌస్‌లని చూసుకునే ట్రినిటీ హౌస్‌కి ఉత్తరం రాశాడు. దాన్ని బట్టి చూస్తే ఆ తెల్లవారుజామున తండ్రీకూతుళ్ళిద్దరూ మేలుకునే ఉన్నారు, పోటు వచ్చేలోపు బయటున్న సామాన్లు కట్టేసుకుంటున్నారు. ఐదింటికి పావుగంట ముందు గ్రేస్‌కి హార్కర్ బండ మీద ఓడ కనిపించింది. చీకటి, పైనించి నీటి తుంపర, మనుషులున్నారో లేదో తెలియదు. టెలిస్కోప్ కంటికి అంటించుకుని ఏడింటి దాకా చూస్తూనే ఉన్నారు. ఆటు మొదలై నీళ్ళు తగ్గాక బండ మీద ముగ్గురో నలుగురో కదలడం కనిపించింది. అప్పుడు ఇద్దరూ లెక్క వేసుకున్నారు. వెళ్ళడం వెళ్ళొచ్చు, కానీ తిరిగి రావడం ఈ ఇద్దరి వల్ల కాదు. బండ మీదున్నవాళ్ళలో ఒకరిద్దరు తెడ్డు వేయగల స్థితిలో ఉంటేనే వెనక్కి రాగలం. సరే పద అనుకుని బయల్దేరారు.

ఆ లెక్క మళ్ళీ ఒకసారి చదవండి. బండ మీద ఉన్నవాళ్ళందరూ చలికి కొయ్యబారిపోయి ఉంటే వీళ్ళూ తిరిగి రారు. అది తెలిసే వెళ్ళారు. ఈ ఒక్క ముక్క పుస్తకంలో ఉండుంటే కాలు నేలకేసి కొట్టే సీన్ అవసరమే లేదు. ఏడేళ్ళ పిల్లలకి ఇలాంటి లెక్క అర్థం కాదని ఎవరనుకున్నారో తెలియదు గానీ నేను చెబితే మావాడు వెంటనే పట్టుకున్నాడు, "అంటే వెళ్ళేటప్పుడు ఇద్దరు, వచ్చేటప్పుడు ఎక్కువమంది తోయాలి" అని. అంతే నాన్నా, అంతే.

ఇద్దరే ఎందుకు వెళ్ళారో కూడా పుస్తకం చెప్పదు. ఆ పడవని కోబుల్ అంటారు, ఆ తీరంలో జాలర్లు వాడే రకం. పొడవు 21 అడుగులు, నలుగురు మనుషులు తెడ్లు వేయాల్సిన పడవ. మామూలుగా అయితే గ్రేస్ తమ్ముడు ఇంట్లో ఉండేవాడు, ఆ రోజు తీరంలో సీహౌసెస్‌కి వెళ్ళి ఉన్నాడు. ఇంట్లో మిగిలింది తండ్రి, తల్లి, గ్రేస్. తల్లి పడవ నీళ్ళలోకి దింపడానికి సాయం పట్టింది. నలుగురి పని ఇద్దరి మీద పడింది, అందులో ఒకరు గ్రేస్. గాలికి ఎదురు పోలేక దీవుల చాటు చూసుకుంటూ చుట్టు తిరిగి మైలు దాకా వెళ్ళారు. పుస్తకంలో మాత్రం లైట్‌హౌస్ నుంచి బండకి తిన్నగా గీత గీసినట్టు వెళ్ళిపోతారు. చివర్లో ఒక మ్యాప్ వేసుంటే పిల్లలు వేలితో దారి గీసుకుని చూసుకునేవాళ్ళు, మ్యాప్ లేకపోవడం నాకు పెద్ద లోటే అనిపించింది.

ఇప్పుడు పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చిన పేజీ గురించి. బండ దగ్గరికి చేరాక విలియం రాతి మీదకి దూకాలి, దూకాడు. అంటే ఆ కాసేపూ నలుగురు తోసే పడవలో గ్రేస్ ఒక్కతే. బండకి మరీ దగ్గరగా వస్తే చెక్కలు పగిలిపోతాయి, దూరంగా పోతే తండ్రి కూడా ఆ తొమ్మిది మందితో పాటు చిక్కుకుపోతాడు. ముందుకీ వెనక్కీ తోసుకుంటూ పడవని ఒకే చోట నిలబెట్టాలి. ఈ బొమ్మ రెండు పేజీలకీ పరిచి వేశారు. ఎడమవైపు చివర తండ్రి బూటు ఒక్కటే కనిపిస్తుంది, రాతి మీద. మిగతాదంతా నీళ్ళు, మధ్యలో పడవ, అందులో గ్రేస్. ఒక తెడ్డు నీళ్ళలో లోతుగా దిగి ఉంది, రెండోది సగం పైకి లేచి నీళ్ళు కారుతూ ఉంది, ఆమె చూపు తెడ్డు మీద కాదు, బూటు మీదా కాదు, వెనకనించి రాబోయే అల మీద ఉంది. పళ్ళు బిగించి ఉంది. జడలు అప్పటికే ఊడిపోయి జుట్టు మొహానికి అంటుకుపోయి పన్నెండేళ్ళ పిల్లలా అనిపించడం మానేస్తుంది. ఈ పేజీలో ఒక్క మాట లేదు. మాటలు రాసినవాళ్ళు ఇక్కడ ఊరుకున్నారు, అదే మంచిదైంది. రెండుసార్లు తిప్పి చూశాక మా పాప "ఇప్పుడు ఎవరూ లేరు కదమ్మా" అంది. ఐదేళ్ళ పిల్లకి విషయం అందింది కదా, ఇంకేం కావాలి.

ఆ వెంటనే వచ్చే పేజీ దగ్గర నాకు కోపం వచ్చింది. బండ మీద బతికున్న తొమ్మిది మందిలో ఆడమనిషి ఒక్కరే, మిసెస్ డాసన్. ఆమె ఇద్దరు పిల్లలు ఆ రాత్రే చలికి చనిపోయారు, తెల్లవారేదాకా వాళ్ళని చేతుల్లోనే పట్టుకుని కూర్చుంది. పిల్లల పుస్తకంలో ఇది రాయాలా వద్దా అన్నది కష్టమైన ప్రశ్నే, నేను కాదనను. రాయకూడదు అనుకుంటే రాయకండి. కానీ ఇందులో ఏం చేశారంటే, మాటల్లో "అందరూ క్షేమంగా బయటపడ్డారు" అని అర్థం వచ్చేలా రాసి, బొమ్మలో మాత్రం ఒక ఆవిడ తలవంచుకుని ఒళ్ళో ఏదో మూటలాంటిది పట్టుకుని ఏడుస్తున్నట్టు గీశారు. గీసినవాళ్ళకి కథ తెలుసు, రాసినవాళ్ళు దాచారు, ఇద్దరూ మాట్లాడుకున్నట్టు లేదు. పిల్లలు ముందు బొమ్మే చూస్తారు. అందరూ బతికితే ఆవిడ ఎందుకు ఏడుస్తోంది, ఆ మూటలో ఏముంది అని ఇద్దరూ ఒకేసారి అడిగారు. చదివేవాళ్ళకి ఎంత టెన్షన్! అప్పటికప్పుడు అబద్ధం చెప్పడం ఇష్టం లేక, పాపకి అర్థమయ్యేంత వరకు చెప్పాను. ఏడవలేదు. కాసేపు ఊరుకుని, "మరి గ్రేస్ ఆవిడని ఇంటికి తీసుకెళ్ళిందా" అని అడిగింది. తీసుకెళ్ళింది అన్నాను, తర్వాత పేజీకి వెళ్ళాం. పిల్లలు మనం అనుకునేంత గాజుబొమ్మలేం కాదు.

నలభై మందికి పైగా పోయారన్న మాట కూడా పుస్తకంలో ఎక్కడా లేదు. అంతమంది పోయిన రాత్రి తొమ్మిది మందిని తీసుకురావడం వేరు, అసలెవరూ పోని రాత్రి తొమ్మిది మందిని తీసుకురావడం వేరు. రెండోది సరదా పడవ ప్రయాణంలా ఉంటుంది. ఇంకో సంగతి, ఓడ వెనక భాగం నుంచి ఒక చిన్న పడవలో ఇంకో తొమ్మిది మంది ముందే తప్పించుకున్నారు, రాత్రి అటు వెళ్తున్న ఒక తెరచాప ఓడ వాళ్ళని ఎక్కించుకుంది. అది లేకపోయినా కథకి నష్టం లేదు, దాన్ని వదిలేసినందుకు నాకు ఫిర్యాదు లేదు.

లైట్‌హౌస్ ఉండగా ఓడ బండకి ఎందుకు గుద్దుకుంది? ఈ పుస్తకం చదివే ప్రతి పిల్లా పిల్లాడూ అడగబోయే ప్రశ్న ఇది, రాసినవాళ్ళకి తట్టనే లేదు. జవాబు కథ కంటే ఆసక్తిగా ఉంటుంది. ఇంజన్ చచ్చాక కెప్టెన్ తెరచాపలెత్తాడు, ఉత్తరపు గాలి ఓడని దక్షిణానికి తోసేసింది, ఫార్న్ దీవుల చాటుకి చేరి తుఫాను తగ్గేదాకా ఆగుదామనుకున్నాడు. ఆ దీవుల్లో దీపం ఒక్కటే కాదు, ఇన్నర్ ఫార్న్ మీద ఇంకోటి ఉంది. ఆ గాలివానలో లాంగ్‌స్టోన్ దీపాన్ని చూసి అది ఇన్నర్ ఫార్న్ దీపం అనుకున్నాడని చెబుతారు. దీపం వెలుగుతూనే ఉంది, ఏ దీపమో పోల్చుకోలేకపోయాడు. మావాడు ఇది విన్నాక కాగితం మీద రెండు లైట్‌హౌస్‌లు గీసి ఒకదానికి ఎర్ర రంగు, ఇంకోదానికి ఆకుపచ్చ వేశాడు, "ఇలా పెట్టుంటే తెలిసేది" అని. పుస్తకం కంటే వాడి బొమ్మే ఎక్కువ చెప్పింది.

తిరుగు ప్రయాణం కూడా తొక్కేశారు. పడవలో తొమ్మిది మందినీ ఒకేసారి ఎక్కించేసుకుని వచ్చేస్తారు, అది ఆ పడవకి సాధ్యం కాదు. మొదటి విడత మిసెస్ డాసన్, నలుగురు మగవాళ్ళు. లెక్క వేసుకున్నట్టే కాపాడినవాళ్ళలో తెడ్డు పట్టగలిగినవాళ్ళు సాయం పట్టారు. లైట్‌హౌస్ చేరాక గ్రేస్ అక్కడే ఆగిపోయింది, తడిసి ముద్దయి వచ్చినవాళ్ళని తల్లితో కలిసి చూసుకోవాలి. తండ్రి ఆ ఓడ సిబ్బందిలో కొందరిని తీసుకుని మళ్ళీ వెళ్ళి మిగతా నలుగురినీ తెచ్చాడు. ఇది చెబితే గ్రేస్ గొప్పతనం తగ్గుతుందని భయమా? నాకైతే పెరిగినట్టే ఉంది. మైలు దూరం తెడ్డు వేసి వచ్చిన మనిషి, బట్టలు మార్చుకునే తీరిక కూడా లేకుండా పొయ్యి రాజేసి, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి పక్కన కూర్చోవడం ఏమన్నా తక్కువ పనా?

ఇంకొకళ్ళు మొత్తానికి మాయమయ్యారు. సీహౌసెస్ నుంచి ఏడుగురు జాలర్లు అదే తుఫానులో పడవేసుకుని బయల్దేరారు, వాళ్ళలో గ్రేస్ తమ్ముడు కూడా ఉన్నాడు. వాళ్ళు బండ చేరేసరికి బతికున్నవాళ్ళు ఎవరూ మిగల్లేదు, శవాలే ఉన్నాయి. వెనక్కి పోవడానికి సముద్రం ఒప్పుకోక లాంగ్‌స్టోన్‌కే వెళ్ళారు. ఆ చిన్న రాతి మీద అంతమంది రెండు మూడు రోజులు ఇరుక్కుని ఉండిపోయారు, వాతావరణం కుదుటపడేదాకా. తలుపు తీస్తే తమ్ముడు ఎదురుగా ఉండటం కంటే మంచి సీన్ ఏ పిల్లల పుస్తకానికి దొరుకుతుంది? చేతికందిన దాన్ని వదిలేసుకున్నారు. ఆ ఏడుగురి పేర్లు ఆ ప్రాంతం బయట ఎవరికి తెలుసు?

పేరు రావడం గురించి చివరి మూడు పేజీలు ఉన్నాయి. పతకం, విక్టోరియా రాణి పంపిన 50 పౌండ్లు, బొమ్మ గీయడానికి పడవల్లో వచ్చిన చిత్రకారులు, బుట్టల కొద్దీ ఉత్తరాలు. ఇవన్నీ నిజమే. ఓడ ప్రమాదాల నుంచి ప్రాణాలు కాపాడటానికి 1824లో పెట్టిన సంస్థ తండ్రీకూతుళ్ళిద్దరికీ వెండి పతకాలిచ్చింది, ఇప్పుడు ఆర్‌ఎన్‌ఎల్‌ఐ అంటున్నది దాన్నే. పుస్తకంలో పతకం గ్రేస్ ఒక్కదాని మెడలో ఉంది, తండ్రి చప్పట్లు కొడుతుంటాడు. పాపం ఆయన్ని మొదటి పేజీ నుంచీ పిరికివాడిని చేసింది చాలక ఆయన పతకం కూడా లాగేసుకున్నారు! ఆ తండ్రి రాసుకున్న రోజువారీ పుస్తకంలో ఈ సంఘటన నాలుగు ముక్కల్లో ముగిసిపోతుంది, తొమ్మిది మందిని డార్లింగ్‌లు కాపాడారని. కూతురి పేరు విడిగా లేదు, తన పేరూ విడిగా లేదు. ఆ ఇంట్లో ఇది ఎలాంటి పనో తెలియడానికి నాకు ఆ ఒక్క వాక్యం చాలు. చివరి పేజీలో వేసుకోవాల్సింది అది.

పేరు వచ్చాక బతుకెలా మారిందో చెప్పడం మాత్రం కాస్త నయం. జుట్టు కత్తిరించి పంపమని అడిగేవాళ్ళు, పెళ్ళి చేసుకుంటామని ముక్కూ మొహం తెలియనివాళ్ళు రాసిన ఉత్తరాలు, ఈమెకి ఊపిరాడకపోవడం ఒక పేజీలో సరదాగానే చూపించారు. ఉత్తరాల గుట్ట మీదనించి గ్రేస్ కళ్ళు మాత్రమే కనిపిస్తుంటాయి, పిల్లలు బాగా నవ్వారు. తర్వాత సంగతి లేదు. క్షయతో 1842 అక్టోబర్ 20న చనిపోయింది, ఇరవై ఆరేళ్ళకే. బొమ్మల పుస్తకం ఆ పేజీకి ముందే ఆగిపోవడం తప్పంటానా, అనను. చివర పెద్దవాళ్ళ కోసం ఒక పేజీ నోట్ పెట్టి అందులో రాస్తే సరిపోయేది. నోట్ ఉంది, అందులో పుస్తకం వేసినవాళ్ళ మిగతా పుస్తకాల ప్రకటన ఉంది.

బాంబరా ఊళ్ళో ఆమె పేరు మీద మ్యూజియం ఉంది, 1938లో, అంటే సరిగ్గా వందేళ్ళకి తెరిచారు, ఇప్పుడూ ఆర్‌ఎన్‌ఎల్‌ఐ నడుపుతోంది. ఆ రోజు వేసుకెళ్ళిన పడవ ఇప్పటికీ అందులోనే ఉంది. ఇది పుస్తకంలో లేదు, నేనే చెబితే మావాడికి ఒకటే హుషారు, "నిజం పడవా? అదేనా? దాన్నేనా తోసింది?" అని. నెట్‌లో దాని ఫొటోలు చూపించాను. పుస్తకంలో గీసిన పడవ బొద్దుగా, చెరువులో షికారు పడవలా ఉంది, అసలుది ముందు వైపు బాగా ఎత్తుగా లేచి ఉంటుంది, అలల్ని చీల్చుకుంటూ పోవడానికి. వాడు పెన్సిల్ తీసుకుని పుస్తకంలో బొమ్మ దిద్దబోయాడు, ఆపాను. ఇప్పుడనిపిస్తోంది, దిద్దనిస్తే పోయేది.

భాష తేలిక ఇంగ్లీషు, చిన్న వాక్యాలు. రెండో తరగతి పిల్లలు సొంతంగా కూడబలుక్కోగలరు. అయిదేళ్ళ వాళ్ళకి మనం తెలుగులో చెప్పుకుంటూ పోవచ్చు, ఇబ్బందేం లేదు. కాగితం మందంగానే ఉంది, అట్ట గట్టిది, కుట్టు మాత్రం మధ్యలో వదులైంది, మాటలు లేని ఆ రెండు పేజీల దగ్గరే. అదే పేజీ మళ్ళీ మళ్ళీ తెరుస్తున్నారు కాబట్టి దాని తప్పు పూర్తిగా దానిది కాదనుకోండి.

ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఇలాంటి కథ ఉండాలనుకునేవాళ్ళకి ఇంకో రెండు పేర్లు చెబుతాను, నిజంగానే పిల్లలుగా ఉండగా లైట్‌హౌస్ పనుల్లో ఉన్నవాళ్ళు కావాలంటే. అమెరికాలో రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్ దగ్గర లైమ్ రాక్ లైట్‌హౌస్‌లో ఉన్న ఐడా లూయిస్ ఇంకా టీనేజ్ దాటకముందే మునిగిపోతున్నవాళ్ళని పడవలో వెళ్ళి లాగింది, జీవితం మొత్తం మీద ఆమె కాపాడినవాళ్ళు 18 మంది అని లెక్క ఉంది, 1881లో బంగారు పతకం ఇచ్చారు. మెయిన్ రాష్ట్రం తీరంలో మటినికస్ రాక్ మీద ఆబీ బర్జెస్ అయితే 1856లో తండ్రి ఒడ్డున చిక్కుకుపోతే వారాల తరబడి దీపాలు తనే వెలిగించింది, అప్పటికి ఇంకా పదిహేడు దాటలేదు. జడల పిల్లే కావాలనుకుంటే అలాంటి కథ ఎంచుకోవచ్చు, ఇరవై రెండేళ్ళ గ్రేస్‌కి జడలు వేయాల్సిన పని లేదు.

గ్రేస్ మీద వేరే పుస్తకం ఏదైనా మీ చేతికి దొరికితే, కొనే ముందు మూడు చోట్ల తెరిచి చూడండి: తెడ్డు పట్టుకుని తండ్రి ఎలా ఉన్నాడు, ఏడుస్తున్న ఆవిడ గురించి ఏం రాశారు, పడవ రెండోసారి వెళ్ళిందా లేదా. మూడూ సరిగ్గా ఉన్న పుస్తకం దొరికితే నాకూ చెప్పండి, తెప్పించుకుంటాను. అప్పటిదాకా మా ఇంట్లో ఇదే నడుస్తుంది, బొమ్మలు దాని నుంచి, కథ నా నుంచి.